పాదపధర్మము

హోసూరు బస్టాండు నుండి బాగలూరు దారి పట్టి, మూడంతస్తులును నాలుగంతస్తులునుగా లేచిన అద్దెయిండ్ల నడుమ ఒక ఉదయమున తలయెత్తి నడచువానికి ప్రతి వసారా కమ్ముల మీదను, ప్రతి మెట్ల మలుపునందును, రంగుడబ్బాలలోను పగిలిన బకెట్లలోను నూనెడబ్బాలలోను పెరుగుచున్న మొక్కలు కనబడును. సిప్‌కాట్ కర్మాగారములలో పనికై చిత్తూరు నుండి, కుప్పము నుండి, ధర్మపురి నుండి, ఇంకను దూరపు జిల్లాల నుండి వచ్చి చేరిన కుటుంబములవి. సొంత నేలను విడిచి వచ్చినవారు దానిలో నొక గుప్పెడు వెంట తెచ్చుకొన్నట్లు తులసియో, కరివేపాకో, కనకాంబరమో వాకిట పెట్టుకొననిదే వారికి ఇల్లు ఇల్లుగా తోపదు. చైత్రము వచ్చి వైశాఖము వెళ్ళునాటికి అదే దారిని మరల నడచినచో ఆ డబ్బాలలో అనేకము ఎండిన కాడలతో మిగిలి యుండుట చూతుము. సెలవులకు ఊరికి పోయిన పది దినములలో నీరు లేక కొన్ని చచ్చినవి. తిరిగి వచ్చినవారు పశ్చాత్తాపముతో బిందెలకు బిందెలు పోయగా వేళ్ళు క్రుళ్ళి కొన్ని చచ్చినవి. ఈ రెండు చావులును నివారింపదగినవే. నివారించు సాధనము ఇంటిలో పారవేయు డబ్బాతోనే చేసికొనదగిన పాత్ర. ఆ విద్య మన కృష్ణగిరి జిల్లాలో లేనిది కాదు. చేరవలసిన వాకిళ్ళకు చేరక ఆగిపోయినదని నా నమ్మకము, నా ఫిర్యాదును.

సంస్కృతమున చెట్టుకు గల అనేక నామములలో పాదపమన్నది నాకు మిక్కిలి ఇష్టమైనది. పాదములతో త్రాగునది యని దాని వ్యుత్పత్తి. ఆ పేరు పెట్టిన ప్రాచీను డెవ్వడో గాని చెట్టును శ్రద్ధగా చూచినవాడు. వాన కురిసి, నేలలోనికి ఇంకి, అడుగుపొరలలో నిలిచిన తడిని వేరు తన అవసరము కొలది, తన వేళకు, తన నెమ్మదితో పైకి తీసికొనుట అడవిలో జరుగు వ్యవహారము. కుండీలో నాటినది మొదలు ఆ వ్యవహారము తలక్రిందు లగుచున్నది. మనకు తీరిక దొరికిన వేళ, అనగా మొదటి షిఫ్టుకు పోవు తొందరలో తెల్లవారుజామున ఐదింటికో, రెండవ షిఫ్టు ముగిసి వచ్చిన నడిరేయినో, చెంబెడు నీళ్ళు దాని తలమీద కుమ్మరించుదుము. అందు కొంత ఎండిన మట్టికిని డబ్బా గోడకును నడుమ ఏర్పడిన సందువెంట జారి, అడుగు రంధ్రము దారిని క్రింది యింటివారి ఆరవేసిన బట్టలమీద పడును. కొంత పైపొరలోనే ఆవిరియై పోవును. మిగిలినది మాత్రమే వేరునకు దక్కును. మొక్కకు దప్పియగు వేళయు మనకు తీరిక చిక్కు వేళయు ఒకటి కాకపోవుటయే ఈ యిబ్బంది కంతకు మూలము.

నీరు ఎక్కువై చచ్చిన మొక్కను చూచి జనులు నీటిని నిందింతురు. నిజమునకు దానిని చంపినది ఊపిరి లేమి. వేరు త్రాగుటయే గాక శ్వాసించును గూడ. మట్టిరేణువుల నడుమనున్న సన్నని గదులలోని గాలియే దానికి ప్రాణాధారము. ఆ గదులన్నియు నీటితో నిండి రోజుల తరబడి నిలిచినపుడు వేరు ఉక్కిరిబిక్కిరియై మెత్తబడును, ఆ మెత్తదనమును క్రుళ్ళించు సూక్ష్మజీవులు కనిపెట్టును, పైన ఆకులు వ్రేలాడును, ఆ వ్రేలాటను దప్పియని భ్రమించి ఇల్లాలు మరియొక చెంబు పోయును. కావున మనము కోరు పాత్రలో నీరు ఎల్లప్పుడు అందుబాటున నుండవలయును, ఐనను వేళ్ళలో అధికభాగము గాలిలో నుండవలయును. పరస్పరవిరుద్ధములుగా కనబడు ఈ రెండు కోరికలను ఒక్క డబ్బాలో తీర్చుటయే ఈ విద్య.

మొక్క దేనిని తిని బ్రతుకునన్నది మనుష్యునకు తెలిసివచ్చిన చరిత్ర చాల రమ్యమైనది; దాని నొకింత చెప్పక ముందుకు సాగ మనసొప్పకున్నది. పదునేడవ శతాబ్దమున బ్రసెల్సు ప్రాంతపు వైద్యుడు వాన్ హెల్మాంటు ఒక తొట్టిలో 200 పౌనుల ఎండుమట్టి పోసి, ఐదు పౌనుల విల్లో మొక్కను నాటి, నీరు తప్ప మరేమియు పోయక ఐదేండ్లు పెంచి తూచి చూచెను. చెట్టు 169 పౌనులు తూగెను. మట్టిలో తరిగినది రెండు ఔన్సులు. కనుక చెట్టు సమస్తమును నీటినుండియే పుట్టినదని ఆయన తీర్మానించెను. ఆయన గతించిన పిమ్మట 1648లో ఈ ప్రయోగమును తెలుపు ఆయన గ్రంథము వెలువడినది. తీర్మానము పొరపాటు, ఏలయన గాలినుండి ఆకు గ్రహించు బొగ్గుపులుసు వాయువు ఆయన లెక్కలోనికి రాలేదు. కాల్చిన బొగ్గునుండి వెడలు ఆ వాయువును గుర్తించి దానికి పేరు పెట్టిన తొలివారిలో ఆయనయే ఒకడగుట విచిత్రము. ఆయన తోసిపుచ్చిన ఆ రెండు ఔన్సుల లోపముననే అసలు రహస్యము దాగియుండెను. 1699లో ఆంగ్లేయుడు జాన్ వుడ్‌వర్డు పుదీనా కొమ్మలను వాననీటిలోను, థేమ్సు నదినీటిలోను, తోటమట్టి కలిపిన నీటిలోను పెంచి, నీరు ఎంత నిర్మలమైన మొక్క అంత తక్కువగా పెరుగుటయు, మట్టి కలిసినకొలది పుష్టినొందుటయు కనుగొనెను. మట్టినుండి నీటిలోనికి దిగు లవణము లేవో మొక్కకు ఆహారమగుచున్నవని దాని భావము. 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, నాప్ అను శాస్త్రజ్ఞులు ఆ లవణములను విడివిడిగా తూచి నీటిలో కరిగించి, మట్టి యొక రేణువైన లేకుండ మొక్కలను పెంచి చూపిరి. నేడు శాస్త్రము చెప్పు లెక్కకు మొక్కకు కావలసిన మూలద్రవ్యములు 17. అందు మూడు గాలినుండియు నీటినుండియు లభించును, తక్కిన పదునాలుగింటిని మట్టియైనను ఈయవలయును, మనమైనను ఈయవలయును.

కాలిఫోర్నియాలో గెరికె అను ఆచార్యుడు 1929 మొదలు ఈ పద్ధతిని ప్రయోగశాలనుండి పొలమునకు దించి, 1937లో దానికి నీరు, శ్రమ యను అర్థములు గల గ్రీకు మాటలను కలిపి హైడ్రోపోనిక్స్ అను నామము నిచ్చెను. మన దేశమునకు సంబంధించిన ఘట్టము దీని తరువాతిది, నా దృష్టిలో అంతకంటె గొప్పది. వంగదేశము 1943 నాటి క్షామమునుండి ఇంకను తేరుకొనని దినములలో, 1946లో, నాటి డార్జిలింగు జిల్లాలోని కాలింపాంగు వద్ద షోల్టో డగ్లస్ అనునాతడు మట్టిలేని సేద్యమున ప్రయోగములు సాగించెను. అమెరికావారి పద్ధతిలో పంపులు, గొట్టములు, ఖరీదైన తొట్లు ఉండెను; అవి వంగదేశపు సామాన్య గృహస్థునకు అందునవి కావు. ఆతడు వానినన్నిటిని తొలగించి, రాతిముక్కలును ఇసుకయు కలిపి నింపిన తొట్లలో లవణములను చేతితో చల్లి, నీటిని చేతితోనే పోసి పంట తీయు సులభమార్గమును కుదిర్చి, దానికి వంగపద్ధతి యని పేరిడి 1951లో పుస్తకముగా ప్రకటించెను. పేదవాని పెరటికి తగినట్లు శాస్త్రమును కుదించి చూపిన ఆ వివేకము డెబ్బదియేండ్ల క్రిందటిదై యుండగా, నేడు మన యంగళ్ళలో హైడ్రోపోనిక్స్ పేర అమ్ముడగునవి పంపు, దీపము, టైమరు తగిలించిన వేలరూపాయల పెట్టెలగుట చూచి నాకు ఖేదము కలుగును. కరెంటు పోయినచో ఆ పెట్టెలోని వేళ్ళకు దిక్కులేదు.

ఇక మన ఊరి సంగతి. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఆ చల్లదనమే దీనిని గులాబీల సీమగా చేసినది. అముదగొండపల్లి వద్దనున్న తాన్‌ఫ్లోరా తోటలు మొదలుకొని బాగలూరు, బేరికె, కెలమంగలము, తళి పరిసరములలోని చిన్నరైతుల పాలీహౌసుల వరకు, తెల్లని ప్లాస్టిక్ పైకప్పుల క్రింద పూయు ఎర్రగులాబీలు, విశేషించి తాజ్‌మహల్ అను జాతి, ఫిబ్రవరి రాగానే కట్టలు కట్టలుగా బెంగళూరు విమానాశ్రయము చేరి విదేశములకు పోవును. తళిలో భారత ఇజ్రాయెల్ దేశముల సహకారముతో వెలసిన పూలసాగు కేంద్రము రైతులకు శిక్షణ నిచ్చుచున్నది. ఆ పాలీహౌసులలో ప్రవేశించి చూచినవారికి ఒక మూల రెండు నీటితొట్లు కనబడును: ఒకటి ఏ ట్యాంకు, రెండవది బీ ట్యాంకు. కాల్షియము లవణమును ఒకదానిలోను, ఫాస్ఫేటులు సల్ఫేటులు రెండవదానిలోను విడిగా కరిగించుదురు. చిక్కగా నున్నపుడు రెండును కలిసినచో విరిగి సున్నపుపొడివలె అడుగంటి మొక్కకు కాకుండ పోవును. ఆ తొట్లనుండి డ్రిప్పు గొట్టముల దారిని ఆహారము కలిసిన నీరు ప్రతి మొక్క పాదమునకు కొలతప్రకారము చేరును. మొగ్గలు గిల్లి, కొమ్మలు వంచి, పూలు కోసి కట్టలు కట్టు స్త్రీలలో అనేకులు చుట్టుపట్ల పల్లెలనుండి నడచివచ్చువారే. నీటిలో లవణమెంత యున్నదో చెప్పు మీటరు వారి కండ్లముందు దినమునకు రెండుమారులు మెరయుచుండును. విదేశమునకు పోవు గులాబికి ఏ గంటలో నెంత నీరు కావలయునో ఎరిగిన ఆ స్త్రీ సాయంకాల మింటికి పోగా, ఆమె వాకిట రంగుడబ్బాలో కనకాంబరము తల వాల్చి యుండును. ఈ రెండు దృశ్యముల నడుమ దూరము నాలుగు కిలోమీటర్లు మించదు. విద్య ఆ నాలుగు కిలోమీటర్లు నడవకపోవుటయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మన పెద్దలకు దీని మూలసూత్రము తెలియనిది కాదు. వైశాఖమున శివలింగముపై ధారాపాత్రను వ్రేలాడగట్టి బొట్టుబొట్టుగా నీరు జారునట్లు చేయుట ఇప్పటికిని చూచుచున్నాము. గలంతిక యని దానికి పేరు. వేసవి తాపము దేవునికే యున్నదనుకొన్నవారు చెట్టునకు లేదనుకొందురా? డెంకణికోట దాపున ఒక పల్లెలో మా బంధువుల యింట ఒక అవ్వ యుండెడిది. ఆమె మల్లెపొద మొదట మెడవరకు పాతిన కుండ యొకటి. దాని అడుగున చిన్న రంధ్రము. రంధ్రములో పాతచీర పీలిక బిగించి వేళ్ళ నడుమకు విడిచియుండెను. కుండమూతిపై పెంకు మూతవేసి యుండెను. నేను చిన్నతనపు తెలివితో, "అవ్వా, దినమూ చెట్టుకు నీళ్ళు పోయవా?" యని యడుగగా, "నేను పోసేది కుండకి, చెట్టుకి కాదు లే నాయినా. చెట్టుకి దప్పయినప్పుడు అదే పీల్చుకుంటుంది" అనెను. తరువాత ఎన్ని గ్రంథములు చదివినను ఇంతకంటె స్పష్టముగా ఈ విషయమును చెప్పిన వాక్యము నాకు దొరకలేదు.

అవ్వ కుండకు నేటి డబ్బాను జతచేయుట యెట్లో చెప్పెదను. ఇరువది లీటర్ల రంగుడబ్బా యొకటి తీసికొని, లోపలి రంగుపొరను గీకి కడిగి, అడుగున రంధ్రము పెట్టక, అడుగునుండి మూడు వ్రేళ్ళ యెత్తున ప్రక్కగోడకు చిటికెనవ్రేలు పట్టునంత రంధ్రము చేయవలయును. ఈ రంధ్రమే పాత్రకు ప్రాణము. దీనికి దిగువనున్న భాగము చెరువు, ఎగువనున్న భాగము గట్టు, రంధ్రము కలుజు. ఎంత నీరు పోసినను, ఎంత వాన పడినను, కలుజుమట్టము దాటిన నీరు వెలికి పోవును గాని వేళ్ళను ముంచదు. డబ్బా లోపల ఒక మూలగా అడుగువరకు దిగునట్లు అంగుళమున్నర పీవీసీ గొట్టపు ముక్కను నిలిపి, దాని అడుగుకొనను ఏటవాలుగా కోసి విడువవలయును. నీరు పోయుట ఈ గొట్టము ద్వారా. గొట్టములో థర్మకోలు బిళ్ళకు గ్రుచ్చిన చీపురుపుల్లను విడిచినచో నీరు నిండిన వేళ పుల్ల పైకి లేచును, తరిగిన వేళ దిగును. మొక్కకు నీరున్నదా లేదా యని మట్టిలో వ్రేలు గ్రుచ్చి చూచుపని తీరిపోయినది.

నింపుటకు ఏమి కావలయును? విదేశపు పుస్తకములు కాల్చిన బంకమట్టి గుండ్లు కొనుమనును. మన జిల్లా గ్రానైటు జిల్లా; రాతిజల్లికి కొదవ లేదు, అది నీటిగుణమును మార్చదు గూడ. కాని రాయి నీటిని పైకి ఎక్కింపలేదు. దీపపువత్తి నూనెను పైకి తీసికొన్నట్లు సన్నని రంధ్రములుగల పదార్థమే నీటిని ఎక్కించును. కావున జల్లిని అడుగున మాత్రము పరచి, పైన బఠాణీగింజంత మొదలు రేగుపండంత వరకు పగులగొట్టిన ఇటుకముక్కలను, పెంకుముక్కలను, వానికి సగపాలు కొబ్బరిపొట్టును కలిపి నింపుట మేలు. పాతగోడ ఇటుక వాడువారు సున్నము, సిమెంటు అంటిన ముక్కలను ఏరివేయవలయును. సున్నము నీటిని క్షారము చేసి ఇనుమును మొక్కకు అందనీయదు, లేతాకులు పసుపెక్కును. కొబ్బరిపొట్టు ఐదుకిలోల ఇటుకరూపమున దొరకును; నానినచో సుమారు 70 లీటర్ల పరిమాణమునకు ఉబ్బును. దానిలో ఉప్పు మిగిలియుండుట కద్దు గనుక రెండు మూడు నీళ్ళు పోసి పిండి వాడవలయును. డబ్బా వెలుతురు చొరనిదై యుండవలయును. వెలుతురు తగిలిన నీటిలో పాచి పుట్టును. గొట్టపు మూతికి బిరడా, కలుజు రంధ్రమునకు సన్నని దోమతెర తుంట తప్పనిసరి. డెంగ్యూ దోమ నిలిచిన నీటిలో గ్రుడ్డుపెట్టి వారము పదిదినములలో రెక్కలు వచ్చి యెగురును. మొక్కకు మేలుచేయబోయి ఇరుగుపొరుగునకు కీడు చేయరాదు.

ఆహార విషయమున తొందరపాటు కూడదు. ఎరువుల అంగడిలో మూడు పంతొమ్మిదులని జనులు పిలుచు పొడి సులభముగా దొరకును. లీటరునకు అరగ్రాము చాలును. కాని అందు కాల్షియము లేదు. ఉన్న నత్రజనిలో పెద్దపాలు యూరియారూపమున నుండుటచే, దానిని మార్చియిచ్చు సూక్ష్మజీవులు చాలని క్రొత్త పాత్రలో మొక్కకు వెంటనే అందదు. కావున పాలీహౌసువారు వాడు కాల్షియము నైట్రేటును ఒకమారు, సూక్ష్మపోషకములు కలిసిన పొడిని మరియొకమారు ఈయవలయును. రెండింటిని ఒకే చెంబులో చిక్కగా కలుపరాదని ఏ, బీ ట్యాంకుల సంగతి చెప్పినపుడే తెలిసియుండును. మట్టిలో పెరిగిన మొక్కను ఈ పాత్రలోనికి మార్చునపుడు వేళ్ళకు అంటిన మన్ను మెల్లగా కడిగి నాటవలయును. పాతవేళ్ళలో కొన్ని నశించి, నీటికి అలవడిన క్రొత్తవేళ్ళు పుట్టుటకు మూడు నాలుగు వారములు పట్టును. అంతవరకు నీడ అవసరము. కొమ్మ నాటి వేళ్ళు తెప్పించుకొనుట అంతకంటె సుఖము. పుదీనా, మనీప్లాంటు, అగ్లోనీమా, క్రోటను, పాలకూర ఇందు హాయిగా పెరుగును. కలబంద, బ్రహ్మజెముడు వంటి ఎడారి స్వభావముగల వానిని దీనిలో పెట్టుట వానికి శిక్ష.

నా అనుభవ మొకటి చెప్పవలసి యున్నది. మొదటి పాత్రను చేసినపుడు కలుజు రంధ్రము అవసరమన్న మాటను తేలికగా తీసికొని, నీరు వృథాయగునను భయముతో దానిని మైనముతో మూసితిని. ఆశ్వయుజపు వానలు మూడు దినములు పట్టి కురిసినవి. నాలుగవనాడు మిద్దె యెక్కి చూచునప్పటికి, రెండునెలలుగా గుబురుగా పెరిగిన పుదీనా నల్లబడి వాసన కొట్టుచుండెను. ఆ మైనము తీసిన దినము నుండి నేటివరకు వాననీటికి నా పాత్రలలో నొక్క మొక్కయు చావలేదు. మరియొక సంగతి: హోసూరులో మిద్దెమీద నడిచిన పాత్ర కృష్ణగిరిలో నడవకపోవచ్చును. కృష్ణగిరి మనకంటె కొన్నివందల మీటర్లు దిగువన, చుట్టును కాగు రాతిగుట్టల నడుమ నున్నది. ఏప్రిల్ ఎండకు డబ్బాలోని నీరు వేడెక్కినచో దానిలో కరిగియుండు ప్రాణవాయువు తగ్గి, గాలి యున్నను లేనట్లే వేళ్ళు క్రుంగును. అక్కడివారు తూర్పు వసారాలోనో, మామిడినీడనో పాత్రను పెట్టి, డబ్బాకు వెలుపల సున్నము పూసినచో ఆ చిక్కు తీరును.

ఇంత శ్రమ ఏల, కుళాయి త్రిప్పి దినమును పోసిన పోలేదా యని యడుగువారికి ఈ జిల్లా నీటి కథ గుర్తుచేయుదును. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో భూగర్భజలములందు ఫ్లోరైడు అధికమగుటచే పండ్లు గారపట్టి, ఎముకలు వంగి బాధపడినవారిని మనము చూడనివారము కాము. ఆ బాధ తగ్గింప హొగెనకల్ వద్దనుండి కావేరినీటిని గొట్టములద్వారా తెచ్చు పథకము జపాను ఋణసహాయముతో సాగి 2013లో ప్రారంభమైనది. అంతదూరమునుండి, అంతధనముతో వచ్చిన నీటిని కుండీలో కుమ్మరించి అడుగురంధ్రమున కారనిచ్చుట న్యాయము కాదు. పది కుండీలున్న ఇంట దినమునకు చెంబెడు చొప్పున పోసినచో వారమునకు డెబ్బది చెంబులు. అడుగు మూసిన పాత్రలో మొక్క ఆకులద్వారా వెలువరించినదియు, పైపొరలో నారినదియు తప్ప పోవునది లేదు. బోరునీరు వాడువారు అది కఠినజలమని మరువరాదు. దానితోనే నడిపిన పాత్రలో కొన్నినెలలకు ఇటుకముక్కల మీద తెల్లని ఉప్పుపొర కట్టును. నెలకొకమారు పైనుండి మంచినీరు ధారగా పోసి కలుజుదారిని ఆ ఉప్పును కడిగివేయవలయును. అందుకు వాననీరు ఉత్తమము. తమిళనాడు ప్రభుత్వము 2003లోనే ప్రతి కట్టడమునకు వాననీటి సేకరణమును విధించినది గనుక గొట్టములు మిద్దెనుండి దిగుచునే యున్నవి. ఒక పీపా పెట్టుటయే కొదవ.

కడిగిన ఆ నీటిని మురికికాలువలో పోయకుడని చేతులు జోడించి వేడుచున్నాను. దక్షిణపినాకిని నందికొండలలో పుట్టి, బెంగళూరు శివారుల మురుగును మోసికొని మన కెలవరపల్లి జలాశయము చేరునప్పటికి దానిమీద తెల్లని నురుగు గుట్టలుగా లేచుట మనమెల్లరము చూచి సిగ్గుపడినవారమే. సబ్బునీరును, ఫాస్ఫేటులును కలిసిన ఫలమది. ఎగువవారిని నిందించు మనము దిగువవారైన కృష్ణగిరి రైతులకు అదేపని చేయరాదు. ఎరువునీరు ఏ కొబ్బరిచెట్టు మొదటనో, వీధిచివరి వేపపాదుననో పోసినచో అది వానికి ఆహారము.

మట్టిని విడుచుట అధర్మమని బాధపడు మిత్రులు నాకు కలరు. వారి బాధ నాకు తెలియును. హైదరాబాదున కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మట్టితోను పశువుల ఎరువుతోను మిద్దెమీద పంటతీసి, మిద్దెతోట యను మాటను తెలుగుదేశమంతట ఇంటింటి మాట చేసిరి. సొంత మిద్దెయు, బరువు మోయు కప్పును, ప్రతిదినము గంటసేపు తీరికయు గలవారికి దానిని మించిన మార్గము లేదు. నేను మాటలాడునది మూడవయంతస్తులో రెండుగదుల అద్దెయింట, మట్టిబస్తా మోసిన యజమాని కోపించు చోట, షిఫ్టులమీద బ్రతుకువారిని గురించి. వారి మొక్క బ్రతుకుటకు కావలసినది తేలికైన పాత్ర, వారము వేచియుండగల పాత్ర. కంటికి నొక పచ్చనాకు కనబడుట ఆ బ్రతుకులలో చిన్న సంగతి కాదు.

చేయదగిన పని పెద్దది గాదు. తమిళనాడు ఉద్యానశాఖ మిద్దెతోటలకై సంచులు, కొబ్బరిపొట్టు ఇటుకలు, విత్తనములు కూడిన మూటను రాయితీధరకు ఈయ మొదలిడి పదేండ్లు దాటినది. ఆ మూటలో అడుగు మూసి ప్రక్కన రంధ్రము చేసిన బకెట్టు ఒకటి, మూరెడు గొట్టము ఒకటి చేర్చినచో ఖర్చు పెరుగదు. దానితోపాటు ఒక కరపత్రము తెలుగున, కన్నడమున, తమిళమున ఉండవలయును. హోసూరు నగరపాలకసంస్థ యైన 2019 తరువాతనైనను ఈ ఊరు మూడుభాషల ఊరన్న సంగతి కాగితములమీద కనబడుట ధర్మము. బోధించుటకు పట్టభద్రులను వెదుకనక్కరలేదు. పాలీహౌసులలో పనిచేయు స్త్రీలకు నెలకొక ఆదివారము తగిన వేతనమిచ్చి బడులకు పిలిచినచో, ఏ లవణము దేనితో కలియరాదో, వేరు ఏ రంగున నున్న ఆరోగ్యమో, వారు పిల్లలకు చేతితో చూపగలరు. బడియందలి ఉపాధ్యాయుడు వాన్ హెల్మాంటు కథ చెప్పునుగాక. ఆ కథలోని రెండు ఔన్సులను తూచి చేతపెట్టువారు వీరే.

అట్టి స్త్రీయొకతె మా వీధిలో నున్నది. నిరుడు ఆమెకు నా పాత్ర చూపగా, ఏమియు ననక గొట్టములోని చీపురుపుల్లను రెండుమార్లు తాకి చూచి, మరునాడు పనినుండి వచ్చుచు నాలుగు ఖాళీడబ్బాలు తెచ్చుకొన్నది. రంధ్రములు చేయుటకు నా మేకు, సుత్తి అడిగినది గాని నా సలహా అడుగలేదు. మే నెలలో కుప్పము గంగమ్మజాతరకు పుట్టింటికి పోయి పదునొకండు దినములు నిలిచెను. తిరిగి వచ్చిన సాయంకాలము సంచి దించకముందే మెట్లమలుపున వంగి, నాలుగు గొట్టముల బిరడాలు వరుసగా తీసి చూచినది. మూడింట పుల్ల అడుగునకు ఇంకను రెండు వ్రేళ్ళ పైన నిలిచియుండెను. నాలుగవదానిలో పూర్తిగా దిగియుండెను. అందున్న పుదీనా తక్కినవానికంటె గుబురై కమ్ములు దాటి వీధిలోనికి వంగియుండెను. ఆమె దానికి నీరు నింపి, ఒక రెమ్మ తుంచి కొంగున ముడివేసికొని లోపలికి పోయినది.